తప్పించుకు తిరిగితే భయం తగ్గుతుందా?

ప్రశ్న: మా వారి వయస్సు 41 సంవత్సరాలు. ఏడాదిన్నర క్రితం ఆయన ఎక్కిన బస్సు లారీని గుద్దుకుంది. పక్కసీటు మనిషి ఆయన కళ్లముందే పోయాడు. మా వారికి చెయ్యి విరిగి అతికింది. కాని అప్పటినుంచి బస్సెక్కరు. కొన్నాళ్లకు బస్టాండు వైపు వెళ్లడమూ మానేశారు. ఇప్పుడు హారన్ వినబడితే తలుపులు వేయమంటారు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారు. సెలవులన్నీ అయిపోయి జీతం నష్టం మీద ఉన్నారు. మామగారు పిరికివాడని తిడతారు. అత్తగారు వాడికి ఇష్టంలేని చోటికి పంపవద్దంటారు. తాయెత్తు కట్టించాము. ఇంకేం చేయాలి?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ వారిది పిరికితనం కాదు, గాలి సోకడమూ కాదు. ప్రాణం మీదికి వచ్చిన సంఘటన తర్వాత కొందరికి వచ్చే జబ్బు ఇది. ఆ దృశ్యం కలల్లో తిరిగి కనబడడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, దాన్ని గుర్తుచేసే ప్రతిదానినీ తప్పించుకు తిరగడం దీని లక్షణాలు. ఇవి నెల దాటి ఉండి, పనికీ సంసారానికీ అడ్డు వస్తున్నప్పుడు వైద్యం అవసరం. 1980లో అమెరికా మానసిక వైద్యులు దీనికి ప్రత్యేకంగా పేరు పెట్టి తమ జబ్బుల పట్టికలో చేర్చారు.

మీ ఇంట్లో ఒకరు తిడుతున్నారు, ఒకరు దాస్తున్నారు. ఈ రెండు పద్ధతులూ ఎందుకు పనికిరావో జంతువుల మీద జరిగిన పరిశోధనలు చక్కగా చెబుతాయి.

1924లో లెనిన్‌గ్రాడ్ నగరాన్ని వరద ముంచెత్తింది. పావ్‌లోవ్ ప్రయోగశాలలో కుక్కలు బోనుల్లోనే మునిగిపోబోతుండగా సిబ్బంది వాటిని కాపాడారు. వరద తీసింది. కాని కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చుకున్నవి మరిచిపోయాయి. తర్వాత ఒకరోజు గది తలుపు కింద నుంచి కాసిని నీళ్లు పారనిస్తే, ఆ మాత్రానికే మళ్లీ వరద వచ్చినంత బెదిరిపోయాయి. మీ వారికి హారన్ మోత ఆ నీళ్లలాంటిది.

1953లో అమెరికాలో సోలమన్, విన్ అనే శాస్త్రజ్ఞులు రెండు అరల పెట్టెలో కుక్కలను ఉంచారు. దీపం ఆరిన పది సెకన్లకు నేలకు కరెంటు వచ్చేది. కుక్కలు త్వరలోనే దీపం ఆరగానే పక్క అరలోకి దూకడం నేర్చుకున్నాయి. తర్వాత కరెంటు పూర్తిగా తీసేశారు. అయినా అవి వందలసార్లు దూకుతూనే ఉన్నాయి! కారణం తేలికే. ప్రతిసారీ ముందే దూకేస్తే, ఇక నేలలో కరెంటు లేదని తెలుసుకునే అవకాశం ఏదీ? దూకగానే కలిగే ఊరట మళ్లీ దూకమని నేర్పుతుంది. అత్తగారి పద్ధతిలో ఉన్న లోపం ఇదే.

ఇక మామగారి పద్ధతి. దూకుడు మాన్పించాలని, దూకినందుకే షాక్ ఇచ్చి చూశారు. చాలా కుక్కలు మానకపోగా ఇంకా వేగంగా దూకాయి. భయంతో పారిపోయేవాడిని దండిస్తే భయం రెట్టింపవుతుంది గాని ధైర్యం రాదు.

అంతకు కొన్నేళ్ల ముందే జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు దక్షిణాఫ్రికాలో పిల్లుల మీద ప్రయోగాలు చేశాడు. బోనులో షాక్ తగిలి భయపడ్డ పిల్లులు అందులో ఆకలితో ఉన్నా తిండి ముట్టేవి కావు. ఆ బోనుకు దూరంగా, అవి తినగలిగిన చోట తిండి పెట్టి, రోజురోజుకూ దగ్గరకు జరుపుతూ వచ్చాడు. చివరకు బోనులోనే తిన్నాయి. నేటి చికిత్సకు ఇదొక పునాది.

‘అదే బస్సులో ఉన్న మిగతావారికి రాని జబ్బు వీడికెందుకు?’ అని మీ మామగారు అడగవచ్చు. ఇజ్రాయెల్‌లో కోహెన్, జోహార్ అనే పరిశోధకులు ఎలుకలకు పిల్లి వాసన చూపించారు. వారం తర్వాత చూస్తే సుమారు నాలుగో వంతు ఎలుకలే తీవ్రమైన భయంతో మిగిలాయి. ఎలుకలను ఎవరూ పిరికివని తిట్టలేరు కదా! శరీరతత్వాల్లో తేడాలుంటాయి.

అయితే ఎలుక తన కలలను చెప్పలేదు. ‘పక్కవాడు పోయి నేనెందుకు బతికాను’ అని కుమిలిపోదు. మనిషి కుమిలిపోతాడు. కనుక మీ వారు ఆ సంగతి చెప్పదలచినప్పుడు అడ్డురాక వినండి.

ఒక తప్పు ఒప్పుకోవాలి. పాతికేళ్ల క్రితం నా దగ్గరకు ట్రాక్టరు బోల్తాపడి బతికిన రైతు వచ్చాడు. ‘ట్రాక్టరు జోలికి పోకు, నిద్రమాత్ర వేసుకో’ అని పంపేశాను. ఆరు నెలల తర్వాత వచ్చేసరికి పొలం కౌలుకిచ్చేశాడు, మాత్ర లేనిదే నిద్రపోలేని స్థితికి వచ్చాడు. అతన్ని పెట్టెలో దూకుతూ ఉండమన్నది నేనే.

మీరు చేయవలసినవి:

1. జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. 14416 అనే ప్రభుత్వ టెలి మానస్ నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

2. వైద్యుని సలహాతో భయాలను చిన్నదాని నుంచి పెద్దదానికి మెట్లుగా వ్రాసుకోండి. తలుపు తీసి వరండాలో కూర్చోవడం, బస్టాండు దాకా నడవడం, ఆగివున్న బస్సులో కూర్చోవడం, తోడుతో ఒక స్టాపు ప్రయాణం. ప్రతి మెట్టు వద్దా భయం కాస్త దిగేవరకు ఉండాలి. భయం పెరిగినప్పుడే లేచి వచ్చేస్తే తప్పించుకోవడమే మళ్లీ నేర్చుకున్నట్లు. బలవంతం మాత్రం వద్దు.

3. ఒకే బస్సుతో సరిపెట్టవద్దు. ఒక పెట్టెలో భయం పోయిన ఎలుకను వేరే పెట్టెలో పెడితే భయం తిరిగి రావచ్చు. వేరు వేరు వేళల్లో, వేరు వేరు దారుల్లో అలవాటు చేయండి. మధ్యలో భయం తిరగబెట్టినా నిరాశపడకండి. పాతది చెరిగిపోదు, కొత్త పాఠం దానిమీద బలపడాలి.

4. డాక్టరు సెర్ట్రలిన్ వంటి మందు వ్రాస్తే గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానవద్దు. నిద్రమాత్రలు సొంతంగా కొని వాడవద్దు. ఇప్పటికే చాలాకాలంగా వాడుతూ ఉంటే హఠాత్తుగా ఆపవద్దు, డాక్టరుకు చెప్పండి.

5. తాగుడు మొదలైనా, చచ్చిపోతానన్న మాట వచ్చినా ఆలస్యం చేయక ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దానివల్ల హాని లేదు. రేపు ఉదయం మాత్రం వీధి తలుపు తీసి, మీ వారితోపాటు వరండాలో కూర్చుని కాఫీ తాగండి. మొదటి మెట్టు అదే.