టీషర్టు మీద తోడేలు తల ఎందుకు వద్దంటున్నాం

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

ఆగస్టు 9కి టీషర్టుల మీద ఏ బొమ్మ వెయ్యాలని గ్రూపులో నాలుగు రోజులుగా నడుస్తోంది. ఎక్కువమంది వేర్‌వుల్ఫ్ బొమ్మకే ఓటేసినారు. సగం మనిషి, సగం తోడేలు, కింద పెద్ద అక్షరాల్లో ఆ పేరు. 'తోడేలు' సినిమా చూసినప్పటి నుంచి చాలామంది డీపీ కూడా అదే. బొమ్మ బాగుంది, కాదనం. కానీ మా హాస్టల్లో ఉన్న చెంచు, ఎరుకల, యానాది, సుగాలి పిల్లలం కూర్చుని మాట్లాడుకుని వద్దనుకున్నాం.

ముందు ఆ పేరు సంగతి. పాత ఇంగ్లీషులో 'వేర్' అంటే మగమనిషి, 'వుల్ఫ్' అంటే తోడేలు. ఇవి మనకు మరీ పరాయి మాటలేం కాదు. 'వేర్'కీ సంస్కృతం 'వీర'కీ మూలం ఒకటే. 'వుల్ఫ్'కీ 'వృక'కీ మూలం ఒకటే. భీముణ్ని వృకోదరుడు అంటారు కదా, తోడేలు కడుపు గలవాడని, ఆ వృకమే ఇది. ఇంతవరకు పేరులో చెడ్డేం లేదు, పైగా వీరుడున్నాడు.

తోడేలుకి ఇంకో అర్థం కూడా ఉంది. గొడవంతా అక్కడే. ఉత్తర ఐరోపాలో పాత నార్స్ భాషలో 'వర్గ్‌ర్' అంటే తోడేలు. ఊరు వెలేసిన నేరస్తుడన్నా అదే మాట. ఇంగ్లండులో పాతకాలం చట్టం వెలేసిన మనిషిని 'తోడేలు తల' అనేది. అంటే వాణ్ని తోడేలును చంపినట్టు ఎవరైనా చంపొచ్చు, అడిగేవాడు లేడు. మన దగ్గర మాత్రం? వేదంలోని మాటల పాత పట్టిక ఒకటుంది, దాని పేరే నిఘంటువు. యాస్కుడు నిరుక్తం రాసింది దాని మీదే. అందులో దొంగకున్న పేర్లలో 'వృక' ఒకటి. అదే వరుసలో 'వనర్గు' కూడా ఉంది. వనర్గు అంటే అడవిలో తిరిగేవాడు. అడవిలో తిరిగేవాడు, తోడేలు, దొంగ, ముగ్గురూ ఒకే వరుసలో! ఇది చదివినాక మాలో ఒక చెంచు తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇవన్నీ ఎప్పటివో పాత మాటలు, మనకెందుకంటారేమో. 1871లో బ్రిటిషోళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చినారు. 1911లో మార్చిన చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలోళ్లతో పాటు ఎన్నో తెగలను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. వేలిముద్రలు, హాజరు, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. 1913లో స్టూవర్టుపురం సెటిల్మెంటు పెట్టినారు, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అప్పటి కర్నూలు జిల్లా సిద్ధాపురంలోనూ ఒకటి నడిచింది. 'తోడేలు తల' ఒక్కో మనిషికి తగిలించే పేరు. ఇక్కడ పసిపిల్లలతో సహా తెగ మొత్తానికి తగిలించినారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. దాని జాగాలో అలవాటుగా నేరం చేసేవాళ్ల చట్టాలొచ్చినాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమని, విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చెయ్యొద్దని చెప్పాల్సి వచ్చిందంటే, ఆ పేరు ఇంకా యాడికీ పోలేదనే కదా. మాలో ఒకరి చిన్నాయన ఈ మాట చాలా బాగా చెప్తాడు, పక్కూర్లో బోరు మోటరు పోతే ముందు ఆయన ఇంటికే వస్తారు.

ఒక అన్న అడిగినాడు, తిట్టునే జెండా చేసుకోవచ్చు కదా అని. మంచి ప్రశ్న. అట్ల చేసిన ముసలాయన ఒకాయన ఉన్నాడు. 1692లో లివోనియాలో, అంటే ఇప్పటి లాత్వియా వైపు, థీస్ అనే ఎనభై ఏళ్ల పల్లెటూరాయన కోర్టులో నిలబడి, అవును నేను తోడేలుగా మారతాను, మేము దేవుని కుక్కలం, మంత్రగాళ్లు ఎత్తుకుపోయిన పంటను నరకం నుంచి తిరిగి తెస్తాం అన్నాడు. కోర్టోళ్లకు తోడేలు మనిషి అంటే సైతాను మనిషి. ఆయనకు మాత్రం ఊరి పంట కాపలాదారు. చివరికి కొరడా దెబ్బలు కొట్టి ఊరి నుంచి వెళ్లగొట్టినారు. ఆయన మీద మాకు గౌరవమే. కానీ ఆయనకు ఆ మాట వెనకాల ఊరోళ్ల కథ ఉంది. మనకు వేర్‌వుల్ఫ్ వెనకాల ఏముంది, ఒక సినిమా, ఒక వాల్‌పేపర్.

సగం మనిషి సగం మృగం కావాలంటే మన అహోబిలంలోనే ఉన్నాడు. నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడినాడు, చెంచులకు అల్లుడు. సంక్రాంతి నుంచి పారువేట పేరుతో ఊరూరా తిరిగి పెళ్లికి పిలుస్తాడు. పళ్లూ గోళ్లూ ఆయనకూ ఉన్నాయి, ఆయన్ని ఎవరూ మృగం అనరు, అవతారం అంటారు. అదే అడవి నుంచి మనం కాలేజీకొస్తే 'అడవి మనుషులు' అని నవ్వుతారు. రూపం ఒకటే, పేరు పెట్టేవాడు వేరు. మేం పట్టుకున్న పాయింటు ఇదే.

కాబట్టి మా మాట ఇది. మనం మన డబ్బుతో కొట్టించుకునే టీషర్టు మీద మనిషి మెడకు తోడేలు తల వద్దు. తోడేలే కావాలంటారా, రోళ్లపాడు గడ్డిభూముల్లో నిజం తోడేళ్లున్నాయి, నాలుగు కాళ్లతో పూర్తి తోడేలును వేద్దాం, మాకు అభ్యంతరం లేదు. లేదంటే తేనెపట్టు, ఎరుకల బుట్ట, సుగాలి అద్దాల కుట్టు ఉన్నాయి. బొమ్మలు గీయగలిగినవాళ్లు ఆదివారం లోపల గ్రూపులో పెట్టండి. వేర్‌వుల్ఫే కావాలనేవాళ్లు కూడా మీ కారణం రాసి పెట్టండి, చదువుతాం. సోమవారం ప్రింటింగోళ్లకు అడ్వాన్సు కట్టాల.