తినేదాకా కదలని కుక్క

కుక్క పేరెత్తితే మనలో చాలామంది కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పక్కకి తప్పుకునేవాళ్ళమే. మడి అనేవాళ్ళు కొందరు, కరుస్తుందేమోనని భయపడేవాళ్ళు కొందరు. నేను రెండో రకం. అయినా ఈ వారం కుక్కల గురించే రాయాలనిపించింది. షుగరు వ్యాధి ఉన్నవాళ్ళని కనిపెట్టుకుని ఉండే కుక్కల గురించి.

2000 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ముగ్గురు స్త్రీల సంగతి ప్రచురించింది. ముగ్గురికీ షుగరు, ముగ్గురి ఇళ్ళలోనూ పెంపుడు కుక్క. ఒంట్లో చక్కెర పడిపోతున్న సంగతి ఆ మనిషికి తెలియకముందే కుక్కకి తెలిసిపోయేదట. ఒక కుక్క పరుగెత్తి కుర్చీ కింద దూరేది, యజమానురాలు ఏదైనా తిన్నాక గానీ బయటికి వచ్చేది కాదు. ఇంకొకటి అటూ ఇటూ తిరిగి తిరిగి వచ్చి ఒళ్ళో తల పెట్టేది. వాటికి ఎవరూ నేర్పలేదు.

తర్వాత నేర్పడమూ మొదలైంది. ఇంగ్లండులో 2008లో మొదలైన మెడికల్ డిటెక్షన్ డాగ్స్ అనే సంస్థ ఇలాంటి కుక్కల్ని తయారుచేస్తోంది. చక్కెర తగ్గినప్పటి చెమట, ఊపిరి వాసన కుక్కకి చూపించి, గుర్తుపట్టినప్పుడల్లా తాయిలం పెడతారు. నేర్చిన కుక్క మనిషిని నాకుతుంది, మూతితో పొడుస్తుంది, కొన్నయితే రక్తం పరీక్ష చేసుకునే పెట్టెని నోట కరుచుకుని తెచ్చి ఇస్తాయి. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు, చక్కెర తగ్గినప్పుడు ఊపిరిలో ఐసోప్రీన్ అనే పదార్థం పెరుగుతోందని గమనించారు. కుక్క పసిగట్టేది దాన్నే కావచ్చన్నారు.

అసలు ఈ జబ్బుకీ కుక్కకీ లెక్క పాతదే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనుక్కున్నది కుక్కల మీద ప్రయోగాలు చేసే. బాకీ పడ్డది మనం, కాపలా కాస్తున్నది మళ్ళీ అవే!

అలాగని కుక్క చెప్పిందల్లా వేదం కాదు. 2019లో బ్రిస్టల్ పరిశోధకులు 27 కుక్కల్ని పరిశీలించారు. చక్కెర తగ్గిన సందర్భాల్లో నూటికి 83 వరకూ పట్టుకున్నాయిగానీ, కుక్కకీ కుక్కకీ చాలా తేడా ఉంది. గ్లూకోమీటరుకి బదులు కుక్క కాదు. ఇప్పుడు చేతికి అంటించుకునే సెన్సర్లు వచ్చాయి, అవీ మోగుతాయి. పైగా కుక్కకి తిండి, శిక్షణ, డాక్టరు, ఖర్చు తక్కువేం కాదు. మన రెండు గదుల వాటాల్లో అదెక్కడ?

నా బాధ వేరే. మన ఇళ్ళలో ఆ కనిపెట్టి చూసేవాళ్ళేరీ అని.

మా వీధిలో ఒకావిడకి పదిహేనేళ్ళుగా ఇన్సులిన్. సూది వేసుకున్న అరగంటలో తినమన్నారు డాక్టరుగారు. ఆవిడ సూది టైముకే వేసుకుంటుంది. ఆ తర్వాత దీపం, పిల్లల క్యారియర్లు, మావగారి టిఫిను. "ఇదిగో, అయిపోయింది, తింటా" అంటూ పది దాటిస్తుంది. పదింటికి చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటుంది. ఇంట్లోవాళ్ళు ఏమంటారో తెలుసా? "దీనికి నోరెక్కువైంది" అని! ఆ విసుగు జబ్బు లక్షణం. మెదడుకి చక్కెర అందక వచ్చే తిక్క. ఆ సమయంలో తినమన్నా "నాకేం కాలేదు" అని మొండికేస్తారు కూడా. కుక్క ఆ మాటలు పట్టించుకోదు, తినేదాకా కదలదు. మనుషులేమో మొహం ముడుచుకుని పక్క గదిలోకి పోతారు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏళ్ళ తరబడి చక్కెర తరచూ తగ్గుతూ ఉంటే, కొందరికి ఆ వణుకూ చెమటా కూడా రావడం మానేస్తాయి. హెచ్చరికే ఉండదు, నేరుగా సొమ్మసిల్లడమే. రాత్రి నిద్రలో అయితే మరీను. శిక్షణ ఇచ్చిన కుక్కలు ఎక్కువగా పనికొస్తున్నది ఇలాంటివాళ్ళకే.

ఇన్సులిన్ తీసుకునే మనిషి ఉన్న ఇంట్లో అందరికీ, పదేళ్ళ పిల్లాడితో సహా, ఈ సంగతి తెలిసి ఉండాలి. పరీక్షలో 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చెయ్యాలి. పెరగకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. మంచం పక్కన పంచదార డబ్బా ఒకటి ఉంచండి. పొద్దున్న పొయ్యి మీంచి దిగిన మొదటి వాయి ఇడ్లీలు ఆవిడ పళ్ళెంలో పడాలి. మావగారి టిఫిను పది నిమిషాలు ఆలస్యమైతే అవనివ్వండి.