పెద్దవారు పడిపోకుండా చేసే పరిశోధనలు: ఏవి నమ్మాలి?



ముసలితనంలో తుంటి ఎముక విరిగితే ఇంటిల్లిపాదీ ఎంత ఇబ్బంది పడతారో నర్సీపట్నం చుట్టుపక్కల కుటుంబాలకు చెప్పనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది మరణిస్తున్నారు. వారిలో ఎక్కువమంది 60 ఏళ్ళు దాటినవారే.

దీనిపై నర్సులు చేసిన పరిశోధనలు చాలా ఉన్నాయి. అవి దేనిని లెక్కపెట్టాయో ముందుగా చూడాలి. మన నర్సింగ్ కళాశాలల్లో ఎం.ఎస్సీ. విద్యార్థులు తరచుగా ఒక ప్రశ్నపత్రం ఇచ్చి, పాఠం చెప్పి, మళ్ళీ అదే ప్రశ్నపత్రం ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. జవాబులు ఇప్పుడే చెప్పారు కదా, పెరగక ఏమవుతాయి! కానీ మార్కులు పెరిగినంత మాత్రాన రాత్రిపూట బాత్రూంలో కాలు జారడం తగ్గిందని కాదు.

మంచానికి అలారం పెడితే మేలని కొందరు దాతలు అంటుంటారు. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో 16 వార్డులలో, 27 వేలకు పైగా రోగులపై దీనిని పరీక్షించి, ఫలితాన్ని 2012లో ప్రచురించారు. అలారాల వాడకం పెరిగింది గాని పడిపోవడం తగ్గలేదు.

ప్యాట్రీషియా డైక్స్ అనే నర్సు బృందం 2020లో ప్రచురించిన ఫలితం వేరు. రోగితోను, బంధువులతోను కూర్చుని, ఈయన ఎందుకు పడిపోవచ్చు, ఏం చేయాలి అని బొమ్మల కాగితంపై గుర్తుపెట్టి మంచం దగ్గర తగిలించారు. బోస్టన్, న్యూయార్క్‌లలోని 14 వార్డులలో పడిపోవడం 15 శాతం, గాయాలు 34 శాతం తగ్గాయి. అయితే ఇది చీటీలు తీసి రోగులను విడదీసిన పరీక్ష కాదు. కాబట్టి నేను దీనిని సగం కంటే ఎక్కువ నమ్ముతాను, పూర్తిగా కాదు.

పైగా అక్కడ మంచం పక్కన రాత్రంతా కోడలో, మనవడో పడుకోరు. ఇక్కడ పడుకుంటారు. ఆ కాగితం మనకే ఎక్కువ పనికిరావచ్చు. అత్తగారిని ఎటువైపు పట్టుకోవాలి, ఏ మాత్ర వేసుకుంటే తూలుతారు అన్నది చేర్చుకున్న రోజునే సిస్టరుగారిని అడగండి.

ఆసుపత్రివారికి కూడా ఒక విన్నపం. ముందు ఒక సంవత్సరంపాటు ఎంతమంది పడ్డారో రాయండి. 50 మంచాలు 20 రోజులు నిండితే వెయ్యి రోగి-దినాలు. ఆ వెయ్యికి ఎంతమంది అన్నదే లెక్క. పడినట్లు రాసిన నర్సును కోప్పడకండి, కోప్పడితే అంకె తగ్గుతుంది, పడటం తగ్గదు. ఆ అంకె ఈ పత్రికలో వేశాక అలారాలు కొనాలా వద్దా అన్నది మాట్లాడుకుందాం.