ఎండ అందరిదే, పలక ఎవరి పేరున?

(23వ భాగం)

పోయిన వారం సెకండియర్ క్లాసు అయ్యాక ఒక కుర్రాడు స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రమ్మంటే లోపలికి రాడు. చేతిలో మడతపెట్టిన కరెంటు బిల్లు.

“మాస్టారండీ, మా పేటలో సోలారుకి పేర్లు రాసుకుంటున్నారండి. మీటరు మా తాత పేరు మీదుందండి. తాత పోయి తొమ్మిదేళ్లయిందండి. ఇల్లొకటే గానీ పొయ్యిలు మూడండి. మాకు వత్తదాండి?”

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. సంధి అడిగితే విడదీస్తాను, పద్యం అడిగితే అర్థం చెప్తాను. ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తానన్నాను. ఆ రాత్రి పథకం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. వాడి ఇంటి సంగతి వెతుకుతుంటే దేశం ప్రణాళికలోనే రాయకుండా వదిలేసిన గడి ఒకటి కనిపించింది. దాని గురించే ఈ భాగం.

ముందు పైనున్న లెక్కలు చూద్దాం. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలుపెట్టినప్పుడు 2022 నాటికి 20 గిగావాట్లు అన్నారు. 2015లో ఆ లక్ష్యాన్ని 100కి పెంచారు. ఇప్పుడు బొగ్గు, చమురు, గ్యాసు కాని వనరుల నుంచి 2030 నాటికి 500 గిగావాట్లు అంటున్నారు. సోలార్ ప్యానెళ్లు ఇక్కడే తయారుచేసే కంపెనీలకి ప్రోత్సాహకంగా రెండు విడతల్లో 24,000 కోట్లు పెట్టారు. మన రాష్ట్రం 2024 అక్టోబరులో క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు దాని లక్ష్యం. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం ప్రకటించింది. కోటి ఇళ్లు, 75,021 కోట్లు. రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే 78 వేలు రాయితీ. ఎస్సీ, ఎస్టీ ఇళ్ల మీద రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెడతామని మన రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది.

మంచిదే. నేను సోలారుకి వ్యతిరేకిని కాదు, ముందే చెప్తున్నా. ఏప్రిల్, మే ఎండల్లో దాళ్వా కోతలకి పోయేది మనవాళ్లే. చేపల చెరువుల్లో మట్టిపని చేసేదీ మనవాళ్లే. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు లంకల్లో మునిగిన ఇళ్లలో మన ఇళ్లున్నాయి. భూమి వేడెక్కితే ఆ సెగ ముందు తగిలేది ఏసీ గదిలో కూర్చున్నవాడికి కాదు. బొగ్గు తగ్గాలని అందరికన్నా ముందు మనమే అడగాలి.

అయితే ఆ లెక్కలన్నీ మళ్లీ చదవండి. గిగావాట్లున్నాయి, కోట్లున్నాయి, ఏళ్లున్నాయి. “ఎవరి పేరున” అన్న గడి ఎక్కడుంది?

ఇప్పుడు పేటలోకి రండి. రెండు కిలోవాట్లకి సుమారు 200 చదరపు అడుగుల కప్పు కావాలి. దాని మీద నీడ పడకూడదు. పేదలకి పల్లెల్లో ఇచ్చిన స్థలం ఒకటిన్నర సెంటు, అంటే దాదాపు 650 అడుగులు. అందులో ఇల్లు కట్టుకోగా వచ్చే కప్పు ఎంత? దాని మీదే నీళ్ల ట్యాంకు, బట్టల తీగ, వడియాలు. పాత పేటల్లో ఇంకా రేకులు, పెంకులు, తాటాకు. ఇది కోనసీమ పక్కనున్న పాలకొల్లు, చుట్టూ కొబ్బరి. తోట ఆసామిది, నీడ మన కప్పు మీద. ఆ చెట్టు కొట్టమని పేటలో ఎవడు అడగగలడు? సబ్సిడీ లెక్క కట్టినాయన కొబ్బరాకు నీడని లెక్కలో వేసుకున్నట్టు లేదు.

సరే, కప్పు దొరికింది, పలక ఎక్కింది అనుకుందాం. అసలు లెక్క అక్కడ మొదలవుతుంది. ఒక కిలోవాటు రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. రెండు కిలోవాట్లంటే నెలకి 240. మన ఇళ్లలో రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, ఒక టీవీ, ఉంటే ఒక ఫ్రిజ్. మహా అయితే వంద యూనిట్లు. మిగతా 140 యూనిట్లు ఎవరి ఖాతాలో పడతాయి?

ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి ఇప్పటికే నెలకి 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఉంది. ఆ డబ్బు ప్రభుత్వం డిస్కంలకి కట్టాలి. మన కప్పు మీద పలక పెడితే ఆ భారం తగ్గుతుంది. అంటే ఇది దానం కాదు, ఇద్దరికీ లాభమున్న బేరం. బేరమైనప్పుడు రెండో పక్షం కూడా కాగితం చదివి సంతకం పెట్టాలి. కేంద్రం మార్గదర్శకాల్లో ఇంటివాళ్లే కొనుక్కునే పద్ధతి ఒకటి. కంపెనీయో డిస్కమో పెట్టి, కొన్నేళ్లు తన సొంతంగా ఉంచుకుని, తర్వాత ఇంటివాళ్లకి అప్పగించే పద్ధతి ఇంకొకటి. మన పేటకి ఏది వస్తోంది? పలక పాడైతే ఎవరు బాగుచేస్తారు? మిగులు యూనిట్ల డబ్బు ఎవరిది? ఈ మూడూ తెలియకుండా వేలిముద్ర వేస్తే కప్పు మనది, పంట ఇంకొకరిది.

“ఊరికే ఇస్తుంటే ఇన్ని ప్రశ్నలా?” అని ఒక స్నేహితుడు అన్నాడు. ఆయనకి కాలవ చూపించాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దేశంలోనే పెద్ద పేరున్న ప్రణాళిక. కాటన్ దొర విగ్రహం లేని ఊరు ఈ డెల్టాలో తక్కువ. నీళ్లొచ్చాయి, కరువు పోయింది, ఎవరూ కాదనరు. కాని నీళ్లు భూమి ఉన్నవాడి చేలోకి వెళ్లాయి. ఆ పంట డబ్బుతో వాళ్ల పిల్లలు చదివారు, మిల్లులు పెట్టారు, సినిమాలు తీశారు, మంత్రులయ్యారు. అదే కాలవ గట్టు మీద మనం గుడిసె వేసుకున్నాం. మన తాతలకి దక్కింది తట్ట, పార, కూలి. నీళ్లు పంచిన ప్రణాళిక భూమి పంచలేదు. గోదావరికి కులం లేదు, బోదెకి ఉంది. రేపు ఎండ సంగతీ ఇంతే కావచ్చు.

మన రాజమండ్రి కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనం’ రాసింది ఇలాంటి అనుమానంతోనే. తెల్లవాడు వెళ్లిపోతే ఆ పెత్తనం ఎవరి చేతికొస్తుందని ఆయన అడిగాడు. బొగ్గు పోయి ఎండ వస్తే ఆ కరెంటు ఎవరి చేతికొస్తుందని మనం అడగాలి.

బాబాసాహెబ్ రాజ్యాంగం రాసినట్టు మన పిల్లలందరికీ తెలుసు. కరెంటు గురించి ఆలోచించినట్టు చాలామందికి తెలీదు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. విద్యుత్తు ఆ శాఖ కిందే ఉండేది. 1943 అక్టోబరు 25న యుద్ధం తర్వాతి విద్యుత్ ప్రణాళిక మీద మాట్లాడుతూ, కరెంటు ప్రభుత్వం చేతిలో ఉండాలా ప్రైవేటు చేతిలోనా అన్న ప్రశ్న ముందుపెట్టారు. అది చవగ్గా, సమృద్ధిగా దొరకాలన్నారు. కరెంటుంటేనే పరిశ్రమ, పరిశ్రమ వస్తేనే పేదరికం నుంచి జనం బయటపడే దారి అని ఆయన వాదన. మరుసటి ఏడాది కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో కీలక పరిశ్రమలు ప్రభుత్వానివే కావాలనీ, భూమిలేని కూలీ అనేవాడే ఉండకూడదనీ రాశారు. ఆయనకి కరెంటు ప్రశ్న, భూమి ప్రశ్న వేరువేరు కావు. ఇవాళ్టి ప్రణాళికలు ఆ రెంటినీ విడదీశాయి.

విడదీస్తే ఏమవుతుందో రాయలసీమ వైపు చూడండి. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు ఆరు వేల ఎకరాల్లో ఉంది. సరిహద్దు దాటితే పావగడ, తెలుగు మాట్లాడే కర్ణాటక. అక్కడ 13 వేల ఎకరాల్లో రెండు వేల మెగావాట్లు. రైతు భూమి అమ్ముకోనక్కర్లేదు, మొదట్లో ఎకరాకి ఏడాదికి 21 వేలు కౌలు. భూమి ఉన్నవాడికి బాగానే ఉంది. ఆ భూమిలో వేరుశనగ పీకి బతికిన కూలీకి ఏ కౌలు? ఆ బీడులో మేకలు మేపుకున్న ఆవిడకి ఏ పరిహారం? వాళ్ల పేరున సెంటు లేదు కనక ఒప్పందంలో వాళ్లు లేరు. కొందరికి పలకలు తుడిచే పని, గడ్డి కోసే పని, వాచ్‌మన్ పని దొరికింది. మిగతావాళ్లు వలస. ఇక మనకి అసైన్డ్ భూమి ఉన్నచోట ఇంకో చిక్కు. చేతులు మారకుండా 1977 చట్టం కాపాడింది నిజమే. ప్రభుత్వమే ప్రాజెక్టు కోసం వెనక్కి తీసుకుంటానంటే పట్టా రైతుతో సమానంగా బేరమాడే బలం అసైన్డ్ రైతుకి లేదు.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పలక మొదటి రోజు నుంచే ఇంటి ఆడమనిషి పేరున ఉండాలి, మిగులు యూనిట్ల డబ్బు ఆమె ఖాతాలో పడాలి. కప్పు చాలని ఇళ్లకి హాస్టల్ మీదో, బడి మీదో, పేట ఉమ్మడి స్థలంలోనో ప్లాంటు పెట్టి అందరికీ వాటా ఇవ్వాలి. సోలార్ పార్కుల్లో కూలీకీ, అసైన్డ్ రైతుకీ పరిహారం ఒప్పందంలోనే రాయాలి. పలకలు బిగించే టెండర్లలో మనవాళ్లకి వాటా కావాలి. సూర్యమిత్ర లాంటి శిక్షణలు మండలానికి రావాలి. ఐటీఐ చదివిన మన పిల్లాడు నిచ్చెన పట్టుకునేవాడిగానే మిగలకూడదు. డబ్బు లేదంటే 2013 ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం తెరిచి చూపిద్దాం.

ఇక మన కుర్రాడు. మర్నాడు వాడికి చెప్పాను. తాత మరణ ధ్రువపత్రం తీయించు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టు. బాబాయిల చేత అభ్యంతరం లేదని రాయించి మీటరు మీ నాయనమ్మ పేరున మార్పించు. మూడు పొయ్యిలకీ మూడు మీటర్లు అడగండి. ఒక్కడివే వెళ్లకు, పేటలో ఇలాంటి మీటర్లు ఎన్నున్నాయో రాసుకురా అన్నాను.

నిన్న రాసుకొచ్చాడు. నలభై ఆరు ఇళ్లు, అందులో పంతొమ్మిది మీటర్లు చనిపోయినవాళ్ల పేర్ల మీద.

ఆదివారం పొద్దున్న వాళ్ల పేటలో అంబేద్కర్ విగ్రహం దగ్గర కూర్చుంటున్నాం. దరఖాస్తులు నేను రాస్తాను. కరెంటు సంగతులు తెలిసినవాళ్లు, లాయర్లు, జిరాక్సులు తీయించగలిగినవాళ్లు రండి. మీ పేటలో ఎన్ని మీటర్లు ఎవరి పేరున ఉన్నాయో మీరూ రాసుకోండి. పలక వచ్చేలోపు ఆ లెక్క మన చేతిలో ఉండాలి.

జై భీమ్.