ట్యూబు వంచే పని మన చేతికి రావాలి

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వన్నా అని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే చదువు విలువ గురించో క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. ఆ రెండింటి మీదా ప్రతి ఏడూ మనవాళ్ళు బాగానే రాస్తున్నారు. అందుకని నేను ఒక ఇనుప సాధనం గురించి రాస్తున్నాను. రేసు కారు చట్రానికి ట్యూబులు వంచే చేతి బెండర్ అది. రొద్దం హాస్టల్లో రేసు కారు మాట ఏమిటని నవ్వుకోకండి. చివరిదాకా చదివి, అప్పటికీ నవ్వొస్తే నవ్వండి.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదట. నాయన చెనిక్కాయ చేలల్లో కూలికి పోయేవాడు. ఇంట్లో ఇనుప సామాను అంటే కొడవలి, గుద్దలి, నీళ్ళ బిందె మోసే ఒక పాత సైకిలు. ఇప్పుడు నేను ఎం.టెక్. రెండో సంవత్సరంలో ఉన్నాను. బి.టెక్. మూడో ఏట మా కళాశాలలో విద్యార్థులంతా కలిసి ఒక చిన్న రేసు కారు చేయాలని జట్టు కట్టారు. ఇలాంటి పోటీలు మన దేశంలో చాలా ఏళ్ళుగా జరుగుతున్నాయి. మట్టిలో గుట్టల్లో పోయే బండ్ల కోసం బాజా పోటీ 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలైంది. ఫార్ములా తరహా కార్లకు కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో పోటీలు పెడుతున్నారు. ఆ ట్రాకుకు పేరు వచ్చింది ఎస్. కరివర్ధన్ వల్ల. 1980లలోనే మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి అనే రేసు కార్లు తయారు చేసిన మనిషి ఆయన. మిల్లుల కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ప్రతిభను తక్కువ చేయడం లేదు గానీ, పనిముట్లు అందుబాటులో ఉన్నచోట పుట్టడం కూడా ఒక అదృష్టమే కదా!

జట్టులో చేరాలంటే తలా ఇంత అని చందా వేశారు. నేను ఇచ్చుకోలేకపోయాను. అయినా నన్ను తీసేయలేదు, ఆ మాట చెప్పాలి. కానీ డబ్బు ఇచ్చినవాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని డిజైను చేశారు. నాకూ, హాస్టలు నుంచి వచ్చిన ఇంకో ఇద్దరికీ గ్రైండింగు, తుప్పు గీకడం, రంగు వేయడం వచ్చాయి. ట్యూబులు వంచే పని మాత్రం మాలో ఎవరికీ రాలేదు. ఆ పని బయట దుకాణానికి పోయింది. నా అభిప్రాయం అక్కడే మొదలవుతుంది.

డ్రైవరు తల వెనక నుంచి పైకి లేచి, భుజాల చుట్టూ తిరిగి కిందికి దిగే ఇనుప వంపును మెయిన్ హూప్ అంటారు. కారు బోర్లా పడితే డ్రైవరు మెడను కాపాడేది అదే. దాన్ని ముక్కలు అతికి చేయకూడదు, ఒకే ట్యూబును వంచి చేయాలని ఫార్ములా పోటీల నియమం. ఇంకొక నియమం ఉంది. వంపు వ్యాసార్థం, అంటే ట్యూబు నడిమి గీత దగ్గర కొలిచినది, ట్యూబు బయటి వ్యాసానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. వంపులో నొక్కు గానీ ముడత గానీ కనిపించకూడదు. మా ట్యూబు బయటి వ్యాసం 25.4 మి.మీ., అంటే సరిగ్గా అంగుళం. గోడ మందం 2.4 మి.మీ.

మావాళ్ళు దుకాణానికి పోయి "అంగుళం ట్యూబు వంచాలి" అన్నారు. దుకాణం ఆయన "అంగుళం డై ఉంది, తీసుకురండి" అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరి అంగుళాలూ వేరు.

తమ్ముళ్ళూ, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. నీళ్ళకు వాడే జీఐ పైపును లోపలి రంధ్రం పేరుతో పిలుస్తారు. అంగుళం పైపు అంటే బయట కొలిస్తే 33.7 మి.మీ. ఉంటుంది. ముప్పావు అంగుళం పైపే బయట 26.9 మి.మీ. ట్యూబును మాత్రం బయటి కొలతతోనే పిలుస్తారు. అంగుళం ట్యూబు అంటే బయట 25.4 మి.మీ. అంతే. మా ట్యూబును 33.7 కోసం చేసిన డైలో పెట్టి వంచారు. పక్కల ఆసరా లేని ట్యూబు ఏం చేస్తుంది? పక్కలకు ఉబ్బి, పైనా కిందా చదునైపోయింది. చిన్నప్పుడు బొప్పాయి కాడతో బూర చేసుకునేవాళ్ళం కదా, దాన్ని వంచితే టక్కున ఒకచోట మడత పడేది. అదే జరిగింది. వెర్నియరు పెట్టి చూస్తే వంపు దగ్గర ఒకవైపు 27, ఇంకోవైపు 22. లోపలి వైపు వేలితో తడిమితే ముడత తెలుస్తోంది.

దుకాణంలో ఉన్నది హైడ్రాలిక్ బెండర్. రెండు రోలర్ల మీద పైపును ఆనించి మధ్యలో జాకీతో నెడుతుంది. "పది టన్నుల మిషను సామీ, ఏదైనా వంగుతుంది" అని ఆయన ధీమా. వంగడం వేరు, గుండ్రం చెడకుండా వంగడం వేరు. మందపాటి నీళ్ళ పైపుకు, పందిరి గుంజకు అది చక్కగా పనికొస్తుంది. పలుచని ట్యూబును మధ్యలో పట్టి నెడితే ఎక్కడ బలహీనమో అక్కడే నలుగుతుంది. అందుకే బెండర్ కొనేటప్పుడు ఎన్ని టన్నులు అని అడగడం దండగ అంటాను. అడగవలసింది డై గురించి.

రేసు కార్ల పనికి కావలసింది రోటరీ డ్రా అనే పద్ధతిలో పనిచేసే బెండర్. ఇందులో ట్యూబు సగం చుట్టూ సరిగ్గా అమరే గాడి ఉన్న గుండ్రని డై ఉంటుంది. ట్యూబు కొసను డైకి గట్టిగా బిగిస్తారు. బయటి వైపు ఫాలోయర్ అనే ఇంకో గాడి కమ్మీ ఆనించి ఉంటుంది. పొడవాటి హ్యాండిలు లాగితే డై తిరుగుతూ ట్యూబును తన చుట్టూ చుట్టుకుంటుంది. ట్యూబుకు ఎటూ ఉబ్బే సందు ఉండదు. అమెరికాలో జేడీ స్క్వేర్డ్ అనే కంపెనీ మోడల్ 3 అని ఇలాంటి చేతి బెండరే చేస్తుంది. ఇంటి వెనక షెడ్డుల్లో రేసు బండ్లు చేసుకునేవాళ్ళు అక్కడ దాన్ని బాగా వాడతారు. కరెంటు అక్కర్లేదు. హ్యాండిలు ఒక విడత లాగి, పిన్ను తీసి వెనక్కి మార్చి, మళ్ళీ లాగాలి. ఒక విషయం ముందే చెప్పాలి. ఫ్రేము ఒకసారి కొంటే చాలు గానీ, ప్రతి ట్యూబు సైజుకూ, ప్రతి వ్యాసార్థానికీ వేరే డై కావాలి. డైల ఖర్చు ఫ్రేమును దాటిపోతుంది. కాబట్టి ముందు ట్యూబు సైజు నిర్ణయించుకుని, దానికి ఒక్క మంచి డై కొనాలి. కారంతా ఆ ఒక్క వ్యాసార్థంతోనే గీసుకోవచ్చు.

మాకు ఆ తర్వాత వేరే చోట నుంచి ఒక పాత చేతి బెండర్ అరువు దొరికింది. కాంక్రీటు నేలకు బోల్టులు వేసి నిలబెట్టాం. హ్యాండిలు లాగడానికి ఇద్దరు కావాలి, డిజైను వాళ్ళ చేతులు బొబ్బలెక్కాయి. అలా మా వంతు వచ్చింది. ఇదేదో కండబలం పని అని అందరం అనుకున్నాం. మొదటి రోజే తెలిసింది, ఇది పదో తరగతి లెక్కల పని అని.

ఉదాహరణకు నడిమి గీత వ్యాసార్థం 100 మి.మీ. ఉన్న డై మీద 90 డిగ్రీలు వంచాలి. వంపులో ఖర్చయ్యే ట్యూబు ఎంత? వృత్తం చుట్టుకొలతలో నాలుగో వంతు, 157 మి.మీ. కాగితం మీద మూలను చతురంగా కొలిస్తే ఇటు 100, అటు 100, మొత్తం 200 వస్తుంది. తేడా 43. నాలుగు మూలలున్న హూప్‌లో ఈ లెక్క మరిస్తే 172 మి.మీ. తప్పుతుంది. చాపం పొడవు ఎందుకు సార్ మాకు అని ట్యూషన్ సారును విసిగించిన వాణ్ణి నేనే.

ఇంకో లెక్క చూడండి. వ్యాసార్థం మూడు రెట్లు ఉండాలన్న నియమం ఊరికే పెట్టింది కాదు. మా ట్యూబుకు మూడు రెట్లంటే 76.2 మి.మీ. ట్యూబు వ్యాసంలో సగం 12.7. వంపు బయటి అంచు నడిమి గీత కన్నా 12.7 దూరంలో తిరుగుతుంది గనక 76.2 మీద 12.7, అంటే సుమారు ఆరో వంతు సాగుతుంది. సాగిన మేర గోడ పలుచనవుతుంది. ఇంకా బిగువుగా వంచితే ఇంకా సాగుతుంది, లోపలి వైపు అంతకంత నలిగి ముడత పడుతుంది. వెల్డింగు అతుకున్న ట్యూబు అయితే ఆ అతుకును వంపు బయటి వైపుకో లోపలి వైపుకో రానీయకుండా పక్కకు తిప్పి పెట్టాలి. పక్కన సాగుడూ ఉండదు, నలుగుడూ ఉండదు.

ఉక్కుకు పంతం ఎక్కువ. 90 దగ్గర ఆపి వదిలితే కాస్త వెనక్కి పోతుంది. మా ట్యూబుకు 93 దాకా లాగితే గానీ 90 నిలవలేదు. ఇంకో రకం ట్యూబు వస్తే ఇంకో అంకె. ఏ పుస్తకమూ మీ ట్యూబుకు ఎంతో చెప్పదు. అదే ట్యూబులో ముక్క కోసి వంచి చూసుకోవడం ఒక్కటే దారి. మేం పదకొండు ముక్కలు పాడుచేశాం. దండగ అన్నవాళ్ళున్నారు. ఆ పదకొండు ముక్కలే మాకు పాఠ్యపుస్తకం అని నేనంటాను. పన్నెండోది ఆరు మీటర్ల నిండు ట్యూబు. మూడు వంపులు బాగా వచ్చి, నాలుగోదానికి ట్యూబు రెండు డిగ్రీలు తిరిగి కూర్చుంది. నేల మీద పెడితే హూప్ కుంటి మంచంలా ఊగింది. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. మర్నాడు మా జూనియర్ అమ్మాయి ఒకామె, ప్రతి వంపుకు ముందు ట్యూబు తోక మీద కోణమానిని పెట్టి చూడాలని పట్టుబట్టింది. తర్వాతి హూప్ నేల మీద కదలకుండా నిలిచింది.

జాగ్రత్తలు రెండు చెప్తాను. పిన్ను పూర్తిగా దిగిందని చూశాకే లాగాలి. సగం దిగిన పిన్ను జారితే హ్యాండిలు మనిషిని కొడుతుంది. డైకీ ఫాలోయర్‌కీ మధ్య వేలు పోనీయొద్దు.

ఇక నా అసలు వాదన. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కంపెనీ 2019లో కార్ల తయారీ మొదలుపెట్టింది. రోబోలు వెల్డింగు చేసే ఈ కాలంలో చేత్తో ట్యూబులు వంచడమేమిటి, సీఎన్‌సీ ఉంది కదా అని మా గైడే ఒకసారి అన్నారు. ఆయన మాటలో సగం నిజముంది. మరీ పలుచని గోడను బిగువుగా వంచాలంటే లోపల మాండ్రెల్ పెట్టే పెద్ద యంత్రమే కావాలి, చేతి బెండర్ చాలదు. వందల సంఖ్యలో ఒకే వంపు కావాలన్నా అంతే. కానీ ఆ సీఎన్‌సీకి కూడా వ్యాసార్థం ఎంత, ఎంత ఎక్కువ లాగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని మనిషే చెప్పాలి. చేత్తో పదకొండు ముక్కలు పాడుచేసినవాడికి ఆ అంకెల అర్థం తెలుస్తుంది. బయట వంపించుకొచ్చిన జట్టుకు తమ చట్రంలో ఏముందో తెలియదు. డబ్బున్న జట్టు మళ్ళీ డబ్బు పెట్టి మార్పించుకుంటుంది. మనం ఏం చేస్తాం?

మన ప్రాంతపు ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో లేత్ ఉంటుంది, వెల్డింగు ఉంటుంది. నేను చూసినంతలో ఇలాంటి బెండర్ ఎక్కడా కనిపించలేదు. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు పెళ్ళిళ్ళకు, సన్మానాలకు చందాలు వేసుకుంటున్నారు. ఈ ఒక్కదానికి వేసుకోమని అడుగుతున్నాను. ఒక ఫ్రేము, అంగుళం ట్యూబుకు ఒక డై, అంతే. దాన్ని వర్క్‌షాపులో నేలకు బిగించి, సెలవుల్లో మన పిల్లలను పట్టుకోనిస్తామని ప్రిన్సిపాలు గారి దగ్గర ముందే మాట తీసుకోవాలి. బీరువాలో తాళమేసి పెట్టేదైతే కొనడమే వద్దు. రేసు కారు చేసేవాళ్ళు మనలో కొందరే ఉండొచ్చు. ట్రాక్టరు క్యాబిన్, వికలాంగుల మూడు చక్రాల బండి, బడి పిల్లల ఉయ్యాల, ఇవన్నీ వంచిన ట్యూబులే.

ఈ సంక్రాంతికి ఊరికి వస్తున్నాను. ఆ పదకొండు ముక్కలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, సంచిలో వేసుకొస్తాను. మడత పడిన మొదటి దుకాణం ట్యూబు కూడా తెస్తాను. వెర్నియరు ఒకటే ఉంది, వంతులవారీగా కొలుద్దురు.