జాలి వద్దు, రివ్యూ కావాలి

తెలుగులో వీధినాటకం గురించి ఎవరు వ్యాసం రాసినా మొదటి పేరాలోనే 'అంతరించిపోతున్న' అనే మాట పడాల్సిందే. అది పడ్డాక ఇక పని తేలిక. నాలుగు నిట్టూర్పులు, టీవీనీ ఫోన్‌నీ రెండు తిట్లు, చివర్లో ప్రభుత్వం ఆదుకోవాలని ఒక విన్నపం. ఆ రాత్రి ఎవరు బాగా పాడారు, ఎవరు తేలిపోయారు, ద్రౌపది సభను ఏమని అడిగింది అన్నవి మాత్రం ఉండవు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలి కదా, అందుకే కాబోలు.

ఇంతకీ పోయిందెవరు? ఎండాకాలం మొదలయితే చాలు, కాణిపాకం చుట్టుపక్కలే కాదు, ఉమ్మడి చిత్తూరు జిల్లా మొత్తంలో ఏదో ఒక ఊళ్ళో భారతం జరుగుతుంటుంది. మావైపు భారతమంటే పుస్తకం కాదు, పండగ. ద్రౌపదమ్మ గుడి ముందో, ధర్మరాజుల గుడి ముందో, చాలా ఊళ్ళలో 18 రోజులు. మధ్యాహ్నం హరికథ. రాత్రి అన్నాలు తిన్నాక నాటకం, తెల్లవారే దాకా. మధ్యలో ఊరే రంగస్థలమయ్యే రోజులు కొన్ని. బకాసురుడికి బండి కడతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఆకాశమంత ఎత్తున్న తపస్సు మాను ఎక్కుతాడు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయల కోసం, విభూది కోసం పిల్లల్లేని ఆడవాళ్ళు కింద తడిబట్టలతో ఎదురుచూస్తుంటారు. ఆఖర్న నేలమీద వెల్లకిలా పడుకోబెట్టిన భారీ మట్టి దుర్యోధనుడు. భీముడు తొడ పగలగొడితే ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం జనం నిప్పుల మీద నడుస్తారు.

దీన్ని పక్కన పెట్టి మనం ఎక్కడికి పోతున్నామో చూడండి. 2012లో అరుణాచల్‌లో మొదలైన జీరో ఫెస్టివల్‌కి మా ఆఫీసు నుంచి ముగ్గురు వెళ్ళొచ్చారు. కొండల మధ్య గుడారం, బురద, రాత్రిపూట సంగీతం. వచ్చాక వారం రోజులు అదే కథ. 2011 నుంచి ముంబైలో మహీంద్రా బ్లూస్ ఫెస్టివల్ ఉంది. దాని గురించి రాసేటప్పుడు ఏ గిటారిస్టు ఏ పాట ఎలా సాగదీశాడో కూడా రాస్తారు. రాయాలి కూడా. నాకు బ్లూస్ ఇష్టం, గుడారాలతో తగాదా లేదు. నా తగాదా కొలమానంతో. అక్కడ చెవులతో వింటున్నాం, ఇక్కడ జాలితో చూస్తున్నాం.

జాలి ఎంత సోమరిదో చెప్పడానికి ఒక ఆట చాలు. పోయినేడు కాణిపాకానికి దగ్గర్లోని ఒక ఊళ్ళో వస్త్రాపహరణం చూశాను. ద్రౌపది వేషం కట్టినాయనకు యాభై పైనే ఉంటాయి. దుశ్శాసనుడు కొంగు పట్టుకున్నాక ఆయన పద్యం ఆపేశాడు. అరుగు దిగి జనం మధ్యకొచ్చి, మామూలు చిత్తూరు మాటల్లో, "మీలో మగోడని చెప్పుకునేవాడు ఒకడన్నా ఉండాడా?" అని ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. ఎవరూ పలకలేదు. అప్పుడు వెనక్కి తిరిగి, మైకు దూరంగా ఉండగానే, కృష్ణుణ్ణి పిలుస్తూ పై స్థాయిలో పద్యమెత్తుకున్నాడు. సభ అంటే కౌరవుల సభ కాదు, కూర్చున్న మనమేనని ఏ వ్యాఖ్యానమూ లేకుండా తేల్చేశాడు.

అదే ఆటలో హాస్యగాడు పెళ్ళాల మీద వేసిన జోకులు నాసిరకం. ఇరవై నిమిషాల పాటు వేశాడు. కీబోర్డు హార్మోనియంని మింగేసింది. దుర్యోధనుడి తెర ప్రవేశం దర్జాగా మొదలై, తనను తాను పొగుడుకునే పాట మూడోసారి వచ్చేసరికి నీరసించింది. ఇలా రాస్తే ఆ కళకు అవమానమా? ఏకసంథాగా "అద్భుతం, కానీ అంతరించిపోతోంది" అనడమే అవమానం. తప్పు పట్టడానికి కూడా పనికిరానంత చిన్నదని తేల్చెయ్యడం అది.

"ఇది కళ కాదు, పూజ" అని ఒక అభ్యంతరం వినిపిస్తుంది. పూజ కూడా. అయితే? ఆ పద్యం ఎక్కడ ఆపాలో అమ్మవారు చెప్పలేదు, నటుడు తేల్చుకున్నాడు. ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే అమెరికన్ పండితుడు తమిళనాడులోని జింజి ప్రాంతం కేంద్రంగా ద్రౌపది కొలుపు మీద 1988లో, 1991లో రెండు లావుపాటి సంపుటాలు తెచ్చాడు. 1990లో రిచర్డ్ ఫ్రాస్కా తెరుక్కూత్తు మీద పుస్తకం రాశాడు. వాళ్ళు నిట్టూర్చలేదు. కూర్చున్నారు, చూశారు, వాదించారు. భాష తెలిసిన మనం పద్దెనిమిదింట్లో ఒక్క రాత్రి కూర్చోలేమా?

ఇంకొకరు "కీబోర్డు వచ్చింది, సీరియల్ సెట్లు వచ్చాయి, అసలుది పోయింది" అంటారు. బ్లూస్ అభిమానులు ఈ మాట అంటే నాకు నవ్వొస్తుంది. 1941లో ఆలన్ లోమాక్స్ మిసిసిపిలోని ఒక ప్లాంటేషన్‌లో మడ్డీ వాటర్స్ పాటల్ని రికార్డు చేశాడు. రెండేళ్ళకు ఆయన షికాగో వెళ్ళి, తర్వాత గిటార్‌కి కరెంటు పెట్టాడు. 1958లో ఇంగ్లండ్‌లో ఆ గిటార్ వినిపిస్తే 'అసలు' బ్లూస్ కోసం వచ్చినవాళ్ళు కొందరు మొహం చిట్లించారు. ఈరోజు వాళ్ళ పక్షాన ఎవరైనా ఉన్నారా? కీబోర్డు ఉండటం తప్పు కాదు. దాన్ని చెడ్డగా వాయించడం తప్పు. ఆ తేడా చెప్పేవాడే విమర్శకుడు.

ఇక "గంటన్నరకు కుదించి హైదరాబాదులో ఏసీ హాల్లో వేయిస్తే బతుకుతుంది" అనే శ్రేయోభిలాషులు. వీళ్ళతోనే ఎక్కువ ప్రమాదం. ఈ నాటకానికి రాత్రి అనేది కొలత కాదు, రూపం. చుట్టుపక్కల ఊళ్ళ జనం చాపలు, దుప్పట్లు, మంచినీళ్ళ బాటిళ్ళతో వస్తారు. కొందరు ట్రాక్టర్ ట్రాలీలోనే పడక వేస్తారు. ఆరోజు నా పక్కన కూర్చున్న పెద్దామె, "ఏం నాయినా, చాప కూడా తెచ్చుకోకుండా వచ్చేసినావే" అని తన చాపలో సగం ఇచ్చింది. నాకు కునుకు పడుతుంటే, "పండుకో, కోక లాగేటప్పుడు లేపుతాలే" అంది. లేపింది కూడా. తెలిసిన కథని నిద్రకీ మెలకువకీ మధ్య వినడం, ఎక్కడ లేవాలో పక్కవాళ్ళకి తెలిసుండటం ఈ కళలో భాగం. దాన్ని గంటన్నర చేస్తే మిగిలేది ట్రైలర్.

అసలు ఆ చాప మీద కూర్చున్నవాళ్ళు ప్రేక్షకులు మాత్రమే కాదు. మావైపు 'ఉభయం' అనే మాటుంది. ఒక రోజు సేవ ఖర్చు ఒక కుటుంబమో, ఒక ఊరో, ఒక కులమో నెత్తికెత్తుకోవడం. కాణిపాకం వినాయకుడికి చవితి నుంచి 21 రోజులు జరిగే ఉత్సవాల్లో ఉభయదార్లుంటారు, ఊళ్ళ భారతంలోనూ ఉంటారు. మిగతాది ఇంటింటి చందా. మిసిసిపి గ్రీన్‌విల్‌లో 1978లో బ్లూస్ పండగ మొదలెట్టింది కంపెనీ కాదు, అక్కడి నల్లజాతి పేదల మధ్య పనిచేసే ఒక సంఘం. పండగ ఎవరిదన్న ప్రశ్నకు రెండు చోట్లా జవాబు ఒక్కటే, ఖర్చు మోసేవాళ్ళది. టికెట్ కొన్నవాడికి అనుభవం దక్కుతుంది. ఉభయం పట్టినవాడికి బాధ్యత మిగులుతుంది.

ఉభయంలో కులముంది కదా అంటారు. ఉంది. ముందు ఎవరి ఉభయం, గుడిలోకి ఎవరు, ఎవరి వీధి దాకా ఊరేగింపు అన్న లెక్కలన్నిట్లో ఉంది. ద్రౌపది ప్రశ్న రాత్రంతా విని తెల్లారి ఆడవాళ్ళని యథాప్రకారం చూసే ఊళ్ళు కూడా ఇవే. ఇవన్నీ అడగాలి. అడగాలంటే ముందు దాన్ని సమవుజ్జీగా చూడాలి. మంచం పట్టిన ముసలామె అనుకుంటే పండ్లు ఇచ్చి వచ్చేస్తాం, నిలదీయం. జాలి ఎప్పుడూ యథాస్థితి పక్షమే.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా అవార్డులు కాదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకు కుదరదు. రాష్ట్రం సడలించినా ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అదీ అర్ధరాత్రి వరకే. వీధినాటకం ఊపందుకునేదే అర్ధరాత్రికి. అంటే ప్రతి రాత్రీ ఎవరో ఒకరు చూసీచూడనట్టు ఊరుకుంటేనే ద్రౌపది సభకొస్తుంది. పక్కింటి రోగికీ పరీక్ష రాసే పిల్లకీ నిద్ర హక్కుంది, కాదనను. ఆ హక్కునీ ఈ కళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చర్చించడం రచయితల పని. శాలువాల గురించి రాసినంత దీని గురించి రాయం.

కాబట్టి మనలాంటి వెబ్ పత్రికలకు నా డిమాండ్ చిన్నదే. ఓటీటీలో శుక్రవారం వచ్చిన సినిమాకి శనివారం రివ్యూ వేస్తున్నాం. వచ్చే ఎండాకాలంలో ఒక్క రాత్రికి ఒక్క రివ్యూ వెయ్యండి. చిత్తూరు దాకా బస్సుంది. చాప, దుప్పటి తీసుకెళ్ళండి. చందా పుస్తకం మీ దగ్గరకొస్తే ఇవ్వగలిగింది ఇచ్చి రసీదు తీసుకోండి. తెల్లారి రంగు కడుక్కుంటున్న నటుల దగ్గరికెళ్ళి వాళ్ళ పేర్లు, గురువుల పేర్లు, ఆ రాత్రికి చేతికెంత వచ్చిందీ అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే రాయండి. బాగుంటే ఎందుకు బాగుందో, లేకపోతే ఎందుకు లేదో రాయండి. 'అంతరించిపోతున్న' అన్న మాట ఉంటే ఎడిటర్ కొట్టెయ్యాలి.