కనురెప్ప చెప్పిన మాట



మా పానగల్‌లో నాకొక మిత్రుడు ఉన్నాడు. ఆయన తెలుగు పండితుడు. మేమిద్దరం ఒకే బడిలో చాలా ఏళ్ళు పని చేశాము. పిల్లల చేత అక్షరాలు దిద్దించటంలో ఆయనకు సాటి ఎవరూ లేరు. మూడేళ్ళ క్రిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ పడిపోయినవి, నోటిమాట పోయింది. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. మనం చెప్పేదంతా వింటాడు, అర్థం చేసుకుంటాడు. కనురెప్పలొక్కటే ఇంకా ఆయన చెప్పినట్టు కదులుతవి.

ఒకనాడు నేను చూడబోయేసరికి ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నవి. ఇంటివాళ్ళు చుట్టూ చేరి, "నీళ్ళు కావాల్నా? దుప్పటి కప్పాల్నా? నొప్పి లేస్తున్నదా?" అని ఒకటే అడుగుతున్నారు. ఆయనకు కావలసింది వాటిలో ఏదీ కాదు. కాని ఏది కావాలో చెప్పేదెట్లా?

ఆయన మనుమరాలు ఏడో తరగతి చదువుతున్నది. ఆ పిల్ల గబగబా నల్లబల్ల తెచ్చి, దాని మీద అక్షరాలు వరుసలుగా రాసింది. మొదటి వరుస క ఖ గ ఘ ఙ. రెండోది చ వరుస. తరవాత ట, త, ప వరుసలు. అడుగున య ర ల వ మొదలైనవి.

"తాతా, నేను వరుస మీద వేలు పెడత. నువ్వు అనుకున్న అక్షరం ఆ వరుసల ఉంటే రెప్ప కొట్టు. తర్వాత ఒక్కొక్క అక్షరం చూపిస్త" అన్నది.

మొదటి వరుస మీదనే రెప్ప కొట్టాడు. మొదటి అక్షరం మీదనే మళ్ళీ కొట్టాడు: క. తరవాత ట. ఆ తరవాత మళ్ళీ క.

"క-ట-క! కటకం అంటున్నాడు. కళ్ళజోడు పెట్టమంటున్నాడు" అన్నాను నేను, పెద్ద తెలివిగలవాడిలాగా. ఆయన రెప్ప కదపలేదు.

మనుమరాలు కాసేపు ఆలోచించి, "బల్ల మీద గుణింతాలు లేవు గద! కిటికీనా తాతా?" అన్నది.

రెప్పలు టపటపా కొట్టుకున్నవి. ముందురోజు వాన కొడుతుంటే ఎవరో కిటికీ మూశారు. మళ్ళీ తెరవటం మరిచిపోయారు. తెరవగానే ఉదయసముద్రం చెరువు నీళ్ళు మెరుస్తూ కనిపించినవి. ఆయన ముఖం విప్పారింది.

ఈ సంగతి నేను మా పిల్లలకు చెబితే, ఆరో తరగతి కుర్రవాడొకడు, "సార్, రెప్ప కూడ కొట్టరాకపోతే ఎట్ల?" అని అడిగాడు.

ఈ నెల మన పాఠం ఆ ప్రశ్న గురించే. దేశదేశాల విశ్వవిద్యాలయాలలో ఎందరో శాస్త్రజ్ఞులు దీన్ని ముందు పెట్టుకుని సెమినార్లు జరుపుకుంటున్నారు. సెమినారంటే మరేమీ కాదు. ఒకరు లేచి తాము చేసిన పని చెబుతారు. మిగిలినవాళ్ళు, "అది నీకెట్లా తెలిసింది? పొరపాటు కాదని ఏమిటి నమ్మకం?" అని అడుగుతారు. మేము కూడా ఒక ఆదివారం మా ఛాయా సోమేశ్వరాలయం మెట్ల మీద కూర్చుని అటువంటి సెమినారే పెట్టుకున్నాము. అక్కడ వచ్చిన ప్రశ్నలూ జవాబులూ మీకు చెబుతాను.

మొదటి ప్రశ్న: తల లోపలి సంగతి తల బయటికి ఎట్లా తెలుస్తుంది?

మా గుడిలో ఒక వింత ఉన్నది. గర్భగుడిలో శివలింగం మీద పగలంతా ఒక నీడ నిలిచి ఉంటుంది. చూస్తే స్తంభం నీడలాగా ఉంటుంది. కాని అది ఏ ఒక్క స్తంభానిదీ కాదు. ఎదుటనున్న స్తంభాలన్నీ వచ్చే వెలుగును అడ్డుకునే తీరువల్ల ఏర్పడిన నీడ అది. మెదడు సంగతి కూడా ఇంచుమించు ఇంతే. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నవి. అవి చిన్న చిన్న విద్యుత్తులతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటవి. ఒక్క కణం విద్యుత్తు పుర్రె దాటి బయటికి తెలియదు. వేలూ లక్షలూ కణాలు కలిసి పని చేసినప్పుడు దాని నీడ వంటిది నెత్తిమీది చర్మం దాకా వస్తుంది.

ఆ నీడను మనుషులలో మొదట పట్టినవాడు జర్మనీలోని జేనా నగరపు వైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో ఆయన మనిషి మెదడు విద్యుత్తును గీతలుగా గీయించి, 1929లో ప్రకటించాడు. ఆ విద్యుత్తు ఎంతటిది? టార్చిలైటు బ్యాటరీ ఒకటిన్నర వోల్టులు. నెత్తి మీద దొరికేది అందులో సుమారు 30,000వ వంతు!

రెండో ప్రశ్న: అంత సన్నని గీతలో "నాకు కిటికీ కావాలి" అని ఎట్లా చదువుతారు?

అట్లా చదవలేరు. మాటలు ఆ గీతలో రాసి ఉండవు. అందుకని ఒక ఉపాయం చేస్తారు. 1988లో అమెరికాలో ఫార్వెల్, డాంచిన్ అనే ఇద్దరు ఒక తెర మీద ఆరు వరుసలుగా, వరుసకు ఆరు చొప్పున, 36 గళ్ళు ఏర్పరచి వాటిలో అక్షరాలు పెట్టారు. తెర మీద ఒకసారి ఒక అడ్డు వరుస, ఒకసారి ఒక నిలువు వరుస తళుక్కుమంటుంది. చూసేవాడు తనకు కావలసిన అక్షరం కోసం కాచుకుని ఉంటాడు. అది వెలగగానే మెదడు, "ఇదే!" అన్నట్టుగా ఒక అలను లేపుతుంది. వెలిగిన తరవాత సెకండులో ఇంచుమించు మూడోవంతుకు ఆ అల వస్తుంది. ఏ అడ్డు వరుసకు అల వచ్చిందో, ఏ నిలువు వరుసకు వచ్చిందో చూస్తే, ఆ రెండూ కలిసేచోట అక్షరం దొరుకుతుంది. ఒక్కసారికి నమ్మకం చాలదు గనుక వరుసలను మళ్ళీ మళ్ళీ వెలిగిస్తారు.

చూశారా? మనుమరాలి నల్లబల్ల, ఈ తెర ఒకే ఉపాయం! ఇక్కడ రెప్ప కొట్టే పని కూడా లేదు. మన అక్షరమాలలో క మొదలు మ వరకు 25 అక్షరాలు వరుసకు అయిదు చొప్పున అయిదు వరుసలుగా ముందే అమరి ఉన్నవి గదా! ఆ అమరిక ఆ పిల్లకు ఎంత అక్కరకు వచ్చిందో ఆలోచించండి. చిక్కల్లా గుణింతాలతోనూ, వత్తులతోనూ. అందుకే క-ట-క నుంచి కిటికీని ఊహించవలసి వచ్చింది.

మూడో ప్రశ్న: ఇది అల, ఇది కాదు అని యంత్రం ఎట్లా తెలుసుకుంటుంది?

మీరు నేర్చుకున్నట్టే నేర్చుకుంటుంది. దీన్నే యంత్రాలు నేర్చుకోవటం, ఇంగ్లీషులో మెషీన్ లెర్నింగ్ అంటారు. ఆ రోజు నేను పిల్లల ముందు కొన్ని వేపాకులూ, కొన్ని కానుగాకులూ పోశాను. వాటిని కొలవమన్నాను: పొడవెంత, వెడల్పెంత, అంచున ఎన్ని రంపపు పళ్ళున్నవి? కంప్యూటరుకు ఇచ్చేవి ఇటువంటి అంకెలే. అది ఒక్కొక్క కొలతకు కొంత విలువ ఇచ్చి, "ఇది వేప" అని ఊహిస్తుంది. తప్పయితే ఆ విలువలను కాస్త పెంచో తగ్గించో సరిచేసుకుంటుంది. మళ్ళీ ఊహిస్తుంది, మళ్ళీ దిద్దుకుంటుంది. అట్లా వందలసార్లు చేయగా, అంచు పళ్ళకు ఎక్కువ విలువ ఇవ్వాలనీ, ఆకు రంగుకు అంత ఇవ్వనక్కర లేదనీ దానికి తెలుస్తుంది.

ఇందులో ఒక ప్రమాదం ఉన్నది. మా వేపాకులన్నిటికీ పురుగు తిన్న చిల్లులున్నవి. ఒక పిల్లవాడు, "చిల్లులుంటే వేప, లేకుంటే కానుగ" అని సులువు పద్ధతి కనిపెట్టాడు. నా ముందున్న ఆకులన్నిటికీ సరిగ్గా చెప్పాడు! అప్పుడు కొత్తగా కోసిన వేపాకు చూపించాను. "కానుగ!" అన్నాడు. అందరూ నవ్వారు. కిందటి సంవత్సరం ప్రశ్నలకు జవాబులు బట్టీపట్టినవాడి గతి ఇదే. అందుకే శాస్త్రజ్ఞులు యంత్రానికి ఎప్పుడూ చూడని ఉదాహరణలతోనే పరీక్ష పెడతారు. సెమినారులో, "పాత ఆకులతో పరీక్షించావా, కొత్త ఆకులతోనా?" అనే ప్రశ్న రాక తప్పదు.

ఇప్పుడు మన హైదరాబాదులో చదువుకున్న ఒక శాస్త్రజ్ఞుడి సంగతి చెబుతాను. రాజేశ్ రావు గారు 1970లో మద్రాసులో పుట్టారు. హైదరాబాదులో కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో 1988 వరకు చదివి, పై చదువులకు అమెరికా వెళ్ళారు. ఇప్పుడు సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు.

2013 ఆగస్టు 12న ఆయన తలకు తీగలున్న టోపీ పెట్టుకుని ఒక కంప్యూటరు ఆట ముందు కూర్చున్నారు. ఆటలో ఫిరంగి పేల్చాలి. కాని ఆయన చెయ్యి కదపలేదు. కుడిచెయ్యి కదిపినట్టు ఊహించారు, అంతే. ఆ ప్రాంగణంలోనే ఇంకొక చోట ఆయన మిత్రుడు ఆండ్రియా స్టాకో ఆట కనబడకుండా కూర్చుని ఉన్నాడు. అతని తలకు ఒక తీగచుట్ట ఆనించి ఉన్నది. రాజేశ్ రావు గారి మెదడులోని మార్పును కంప్యూటరు కనిపెట్టి కబురంపింది. తీగచుట్ట నుంచి అయస్కాంతపు తాకిడి వెళ్ళి స్టాకో మెదడును కదిలించింది. అతని కుడిచేతి చూపుడువేలు తనంత తానుగా కదిలి మీట నొక్కింది. ఫిరంగి పేలింది!

చెయ్యి కదపకపోతే మార్పు ఎక్కడి నుంచి వచ్చింది? బడి గోడ బయట నిలబడ్డారనుకోండి. లోపల పిల్లలంతా కలిసి ఎక్కాలు చదువుతుంటే వినబడుతుంది. పంతులుగారు లెక్క ఇవ్వగానే ఆ చప్పుడు తగ్గిపోతుంది. పని మొదలయిందని బయటివాళ్ళకు తెలుస్తుంది. చేతిని నడిపే నాడీకణాలు కూడా ఊరికే ఉన్నప్పుడు సెకండుకు 8 నుంచి 12 సార్లు కలిసికట్టుగా ఊగుతవి. చెయ్యి కదిపినా, కదిపినట్టు ఊహించినా ఆ ఊపు తగ్గుతుంది. కంప్యూటరు పట్టుకునేది దానినే. ఆ రోజు ఒక మెదడు నుంచి ఇంకొక మెదడుకు పోయినది "ఇప్పుడు" అనే ఒక్క సైగ మాత్రమే సుమా! ఆలోచనలేవీ పోలేదు.

2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు ఇంకొక మెట్టు ఎక్కారు. వెన్నుపాము దెబ్బతిని చేతులు పడిపోయిన 65 ఏళ్ళ మనిషి ఒకరున్నారు. ఆయన మెదడులో శస్త్రచికిత్స చేసి, కందిగింజంత పరికరాలు రెండు అమర్చి ఉన్నవి. ఒక్కొక్కదానికి సుమారు వంద సన్నని ముళ్ళు. ఆయన కలం పట్టి అక్షరాలు రాస్తున్నట్టు ఊహిస్తే, నేర్చుకున్న యంత్రం ఆ అక్షరాలను తెర మీద రాసింది. నిమిషానికి 90 అక్షరాలు! అందులో నూటికి 94 సరిగ్గా వచ్చినవి. చేతులు కదలకపోయినా, చిన్నప్పుడు దిద్దిన అక్షరాలు ఆ మెదడులో అట్లాగే ఉన్నవన్నమాట. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా పండితుడే జ్ఞాపకం వచ్చాడు.

చివరి ప్రశ్న మా గుంపులో అందరికంటే చిన్నపిల్ల అడిగింది: "మరి, నేను దాచుకున్న మాటలు కూడ చదువుతదా?"

మంచి ప్రశ్న. ఆ తెర ముందు మీరు కావాలని ఒక అక్షరం కోసం కాచుకుంటేనే దాని అల లేస్తుంది. మీరు ధ్యాస పెట్టకుంటే యంత్రం చేసేది లేదు. కాని యంత్రాలు రోజురోజుకూ తెలివి మీరుతున్నవి. అందుచేతనే దక్షిణ అమెరికాలోని చిలీ దేశం 2021లో మెదడులోని సమాచారానికి రక్షణ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నది. అన్ని దేశాలూ దీన్ని ఆలోచించవలసిందే.

నాకు తోచిన నియమం ఒకటి చెబుతాను. ఆ మనుమరాలు, "కిటికీనా తాతా?" అని అడిగింది చూశారా? తనంత తానుగా నిశ్చయించుకుని పోలేదు. నేనేమో అడగకుండానే కళ్ళజోడు అని తేల్చేశాను. యంత్రం ఎంత బాగా ఊహించినా, "ఇదేనా?" అని అడగాలి. అవుననటం, కాదనటం ఆ మనిషి వంతు.

ఈ పాఠం రాసి, కాగితాలు మా మిత్రుడి కళ్ళ ముందు పట్టుకుని చూపించాను. అంతా చదివాక, "ఎట్లా ఉన్నది?" అని అడిగాను. మనుమరాలు బల్ల తెచ్చింది. ఒక్కొక్క అక్షరమే వచ్చింది: త-ప-ప-ద-ద-ద.

"తప్పు దిద్దు!" అన్నది మనుమరాలు.

"ఆహా, యంత్రాలు నేర్చుకునే పద్ధతి అంతా రెండు మాటల్లో చెప్పాడు!" అని నేను పొంగిపోయాను.

రెప్ప కదలలేదు. మనుమరాలు కాగితం మీద వరుసవరుసనా వేలు పెట్టుకుంటూ పోయింది. మూడో పుటలో ఒకచోట ఆయన రెప్ప కొట్టాడు. "విద్యార్థి" అని రాయవలసినచోట నేను "విద్యార్ధి" అని రాశాను!

అక్కడికక్కడే దిద్దాను. ఆ మాటున్న వాక్యమే తరవాత తీసివేశాను గనుక మీకిక్కడ కనబడదు.

మీకు పని: మీరు కూడా ఇద్దరిద్దరు కూర్చుని నల్లబల్ల మీద వర్గాక్షరాలు రాసి, నోరు మెదపకుండా రెప్పలతో మాట్లాడుకోండి. ఒక్క మాటకు ఎంతసేపు పట్టిందో గడియారంలో చూడండి. ఈలోగా ఈ మూడు మాటలకు గుణింతాలు పెట్టండి: మ-మ-డ, త-ట-క, గ-డ-గ. జవాబులు వచ్చే నెల. మీ ఊహ సరి అయినదో కాదో మీ జోడీని అడిగి తెలుసుకోవటం మాత్రం మరవకండి!